నా నోరూ లెక్కలోనే ఉంది

మా చెల్లెలి కూతురు వెలుగు మీద పరిశోధన చేసింది. తిరుచానూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే నాకు ఆమె లెక్కలు అర్థం కావు గానీ, ఆమె భయం అర్థమైంది. వైవాలో పెద్దలెవరైనా మధ్యలో ప్రశ్న వేస్తే నోరు పెగలదట. అదే జరిగితే ఇన్నేళ్ల కష్టం గల్లంతే. ముందుగా అడ్డుపడి అలవాటు చేసేవాడు కావాలని నా దగ్గరికి వచ్చింది. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయిందే అయ్యవార్ల మాటకు అడ్డుపడే ఆ విద్య వల్ల. వెంటనే ఒప్పుకున్నాను.

ఇంటి ముందు గదిలో, స్పీకరు బాక్సుల మధ్య నిలబడి మొదలుపెట్టింది.

“గుంపుగా ఉండే పరమాణువుల మీద వెలుగు పడితే, ప్రతిదీ కొంత వెలుగు పక్కవాటి మీదికి సిమ్ముతాది మామా. ఎంత దగ్గరైతే అంత బలం. పరమాణువు వెలుగు దాని మీదే పడినట్టు లెక్కేస్తే దూరం సున్నా. జవాబు అనంతం.”

“అంతేనా? స్పీకరు ముందర మైకు పెడితే కుయ్యిమంటాది. పక్కకు జరుపు, సరిపోతాది.”

“అది వేరే మామా. మైకు కూత స్పీకరుకీ మైకుకీ నడమ తిరిగి తిరిగి పెరుగుతాది. ఈడ తిరిగేదేం లేదు. పరమాణువును ఉత్త సుక్క అనుకున్నాం గదా, దాంతో వచ్చిన తిప్పలు. అందుకే దాని సొంత వెలుగు తీసేసి పక్కవాటిదే కలుపుతాం.”

“ఇబ్బంది పెట్టిందని తీసేస్తే మోసం గాదా పాపా?”

ఆగిపోయింది. ఆమె భయపడుతున్నది ఈ ప్రశ్నకేనని అప్పుడు తెలిసింది. నేను కూడా నోరు మూసుకున్నాను. మా ఇంట్లో అది వింతే. బాక్సు మీది దుమ్ములో వేలితో ఒక చుక్క పెట్టి అందుకుంది.

“మోసం కాదు. పరమాణువు ఒంటరిగా ఉన్నప్పుడే, వెలుగు పడితే ఎంత సిమ్ముతాదో కొలిచి పెట్టుకున్నాం. సొంత వెలుగు సేసే పని ఆ కొలతలోనే ఉండాది. మళ్లా కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టు.”

“ఈ మాట మీ అత్తకు సెప్పు. పెళ్లిసూపుల్లోనే నా నోరు సూసి ఒప్పుకునింది. అది లెక్కలోనే ఉండాది. మళ్లా దినామూ ఎందుకు ఎత్తుతాది?”

వంటింట్లోంచి మా ఆవిడ అంది: “ఆ పొద్దు నువ్వు నోరే తెరవలేదు. కొలత తప్పు.”

పాప నవ్వి నవ్వి బాక్సు మీద కూలబడింది.

వైవా రోజు హాలులో మైకు నాదే. వెనక వరుసలో కూర్చున్నాను. మధ్యలో ఒక పెద్దాయన చెయ్యెత్తి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పాప ముఖం చూస్తేనే తెలిసింది, అదే ‘మోసం గాదా’ ప్రశ్న. ఆమె నా వైపు చూసింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నవ్వొచ్చింది ఆమెకు, ఆ నవ్వుతోనే జవాబూ వచ్చింది. చివర్లో ఏం చెప్పిందో, హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. పెద్దాయన తలూపాడు.

ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పగా అన్నాను: “పాప పాసయింది. నా నోరు లెక్కలోనే ఉండాదని పెద్దలంతా ఒప్పుకున్నారు.”

“ఇంగ్లీషులోనా?”

“ఆ.”

“నీకెట్ల అర్థమైంది మరి?”

ఆ రోజు రెండోసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.