పొయ్యి కింద పట్టాలు

కడప పక్క పల్లెకు చెందిన తిరుపాలమ్మ మట్టిపొయ్యి వేస్తే ఊరంతా వచ్చి చూసేదట. ఆ మాట చెప్పేది కూడా ఆమే. అరబ్బు దేశంలో వఫ్రా అనే చోట ఒక తోటబంగళాలో వంటమనిషిగా కుదిరాక గ్యాసు పొయ్యి ముందు ఆ విద్య అక్కరకు రాలేదు. ఇరాకు సైన్యం వచ్చి పడ్డాక వచ్చింది.

సౌదీకి పారిపోతూ బంగళా యజమాని ఒక పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. చరిత్ర చెప్పే పంతులాయన. పెట్టెలో అరచేతిలో ఇమిడే మట్టి పలకలు, పదకొండు. మూడు వేల ఏళ్ల కిందట బాబిలోనులో పొలాలు అమ్మిన పత్రాలట. సైనికుల కంట పడనివ్వొద్దని బతిమాలాడు.

"పారేసి రాక్కా, మట్టిపిడచల కోసరం సచ్చేదేంది? మనోళ్లను ఇండియాకు పంపేదానికి అమ్మాన్‌కు బస్సులు పోతాండాయి," అని తోటమాలి మద్దిలేటి మొత్తుకున్నాడు.

"పట్టాలు రా అయ్యి! మా నాయన కాయితం చెదులు తినబట్టే మా ఎకరా దాయాదుల పాలాయ. రేపు చేనుగలోళ్లు వచ్చి అడిగితే ఏం జెప్పాల?"

ఆమెను ఒంటరిగా వదల్లేక, తిట్టుకుంటూ మద్దిలేటీ ఉండిపోయాడు.

గ్యాసు అయిపోయిన రోజు ఆమె టమాటా మడిలో మట్టి తొక్కి పొయ్యి వేసింది. అడుగున బూడిద పోసి, పలకలు పేర్చి, పైన అలికేసింది. ముగ్గు కూడా పెట్టింది. ముగ్గు లేని పొయ్యి మీద ఆమె వండదు మరి.

నలుగురు సైనికులు వచ్చి అల్మారాలన్నీ బోర్లించారు. ఒకడు బూటుకాలు తెచ్చి పొయ్యి మీద పెట్టాడు. తిరుపాలమ్మకు ఒళ్లు మండింది.

"పొయ్యిని తొక్కుతావా? నీకు అమ్మ ల్యాదా?" అని తెలుగులోనే గద్దించి, అట్లకాడతో మోకాలి మీద ఒక్కటిచ్చింది. మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. సైనికుడు గబుక్కున కాలు తీసేసి, రొట్టెలున్నాయా అని నోటికి చెయ్యి పెట్టి సైగ చేశాడు. నలుగురూ కలిసి పద్దెనిమిది రొట్టెలు లాగించారు. ఇక వారం వారం వచ్చేవాళ్లు. ఖర్జూరపు మట్టలు భగభగ మండుతుంటే తిరుపాలమ్మ పైట నోట్లో కుక్కుకుని నవ్వుకునేది.

యుద్ధం ముగిశాక యజమాని వచ్చాడు. పలకలు ఎక్కడున్నాయో విని ఆయన ముఖం పాలిపోయింది.

"అవి కాల్చని మట్టివి! ఏడు నెలలు నిప్పు కింద పెట్టావా? పగిలిపోయుంటాయి!"

తిరుపాలమ్మ వెంటనే పొయ్యి పగలగొట్టింది. బూడిదలోంచి పదకొండూ వచ్చాయి, ఇటుకల్లా ఎర్రగా. ఒక్క గీత చెరగలేదు. ఆయన ఒకదాన్ని గోటితో తట్టి, నేల మీదే కూలబడి పగలబడి నవ్వాడు.

"బాగా కాలాయి, ఇక నీళ్లలో వేసినా కరగవు!"

తిరుపాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అయితే అమ్మినోళ్లు ఇంగ మాట మార్చేదానికి ల్యా, బాబా."