జగన్నాధం గారి మెయిన్ లైను

ఎటు పోవాలో తేల్చకుండా జగన్నాధం గారు దేన్నీ కదలనివ్వరు. కొత్తవలస స్టేషన్లో బండ్లకి దారులు మళ్లించి, మెయిన్ లైనుకి అడ్డొచ్చినవాటిని పక్కన లూప్ లైన్లో నిలబెట్టి రిటైరయ్యారు గానీ ఆ చెయ్యి ఊరుకోదు. ఓసారి భార్య ఈశ్వరి గారి వదినని గుమ్మంలోనే ఆపి, పెరటివైపు పంపించేశారు.

"మా వదిన్ని దొడ్డిదారిన పంపించారేటండీ?"

"ముందుగదిలో పాలవాడున్నాడు. లైను ఖాళీ లేదు."

అలాంటి మనిషికి కంప్యూటర్లో ప్రాక్సీ క్లయింటు దొరికింది. ఏ సైటు ఏ దారిన పోవాలో రూలు రాసిస్తే అది అలాగే పంపుతుంది. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. పక్కింటివాణ్ణి కాబట్టి, దగ్గర కూర్చుని వినడం నా పని.

ఎదురింటి యమున ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కాలు విరిగి, నెలల పిల్లతో ఇంట్లోనే ఉంది. ఆ రోజు వీడియోలో ఆఖరి ఇంటర్వ్యూ. డాక్టరేటు దాని మీదే ఆధారపడి ఉంది. లైబ్రరీ పేపర్లు యూనివర్సిటీ వాళ్లిచ్చిన దారిలోనే తెరుచుకుంటాయి. ఆ దారిలో పెడితే వీడియో బిగుసుకుపోతుంది. రెండూ ఒకేసారి కావాలి.

జగన్నాధం గారు యమున కంప్యూటర్లో రెండు రూల్సు రాశారు. నేరుగా పోయే మెయిన్ లైనుకి మర్యాద ఇవ్వాలి కాబట్టి 'మిగతావన్నీ నేరుగా' అన్నది పైన పెట్టారు. 'లైబ్రరీ యూనివర్సిటీ దారిన' అన్నది దాని కింద. ఇంటర్వ్యూకి ముందు పెట్టి చూస్తే వీడియో చక్కగా వచ్చింది. పేపర్లు ఒక్కటీ తెరుచుకోలేదు.

"అయి లేకుండా ఆళ్లకేటి సెప్పను బాబాయ్?" అంది యమున.

ఆయన తెర మీద రూల్సుని వేలుపెట్టి పైనుంచి కిందికి చదివారు. "ఇది పైనుంచి సదువుకొస్తంది. మొదట తగిలిన రూలు కాడే ఆగిపోతంది. మిగతావన్నీ అని పైనెడితే కిందికెందుకు దిగుతాది?"

సర్వీసంతా నెత్తిన పెట్టుకున్న మెయిన్ లైనుని నొచ్చుకుంటూనే అట్టడుక్కి దించారు. పేపరు తెరుచుకుంది. పక్కనే వీడియో కదులుతోంది. ఒకటే తీగ, చప్పుడు లేదు, జెండా లేదు, దేని దారిన అది పోతోంది. 

ఇంటర్వ్యూ మొదలైంది. ఆయన పిల్లని భుజానేసుకుని యమున గేటు దగ్గర కుర్చీ వేసుకున్నారు. చేపల మరిడమ్మ కేక అందుకోబోతుంటే చెయ్యి చూపించి తన ఇంటివైపు తిప్పారు. కాలు చూడ్డానికొచ్చిన అమ్మలక్కల్నీ అటే. "నువ్వూ అటే పోరా" అని నన్నూ. మేమంతా ఆయన ముందుగదిలో, చేపల గంప చుట్టూ, ఈశ్వరి గారిచ్చిన టీ చప్పుడు కాకుండా తాగుతూ కిటికీలోంచి చూస్తున్నాం.

చివరికి యమున కుంటుకుంటూ వచ్చింది, మొహం వెలిగిపోతూ.

"అయిపోనాది బాబాయ్, ఇచ్చేసారు. వీధిలో మనిషన్నవోడు లేడు, ఏటయిపోనారు అందరూ?"

"మా ఇంట్లో లూప్ లైన్లో ఉన్నారమ్మా" అన్నారాయన, పిల్లని జోకొడుతూ. "పిల్ల లెగిసినాక వొదుల్తాను."