బ్రష్షుపూల చెట్టుకు కట్టిన ముడుపు

గుంతకల్లులో మా పక్కింటి హనుమంతరాయుడు రైలు గార్డుగా ముప్పైనాలుగేళ్లు పచ్చజెండా ఊపి రిటైరైన మనిషి. ఆయన మిద్దె మీద నలభై బోన్సాయ్ చెట్లున్నాయి. సర్వి, నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ, అన్నీ ఆస్ట్రేలియా దేశంవే, అన్నీ పళ్లేల్లాంటి తొట్లలో మూరెడు మించకుండా పెరుగుతాయి. మన చింతచెట్టో రావిచెట్టో పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"ఇవి ఎండలో పుట్టినవప్పా. మన ఊరికి అచ్చంగా సరిపోతాయి" అన్నాడు.

నీలగిరి బోర్లన్నీ తాగేస్తుందని చుట్టుపక్కల రైతులు తిట్టుకుంటారు. ఈయనేమో "నా నీలగిరి దినానికి ఒక్క గ్లాసే తాగుతాది" అని గర్వంగా చెప్పుకుంటాడు. మా వీధికి ట్యాంకరు వారానికి రెండుసార్లే వస్తుంది. ఆ గ్లాసులన్నీ ఎవరి బిందెలోంచి పోతాయో ఆయన భార్య నాగలక్ష్మమ్మను అడిగితే చెబుతుంది, మీకు ఓపికుంటే.

ఇన్ని చెట్లున్నా ఆయనకు ఒక దిగులుండేది. బెంగళూరు బోన్సాయ్ ప్రదర్శన వాళ్లు రెండేళ్లు వరసగా ఆయన చెట్లను వెనక్కి పంపారు, మొదళ్లు సన్నగా ఉన్నాయని. విత్తనం నుంచి లావు మొదలు రావాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది. ఆయనకు అరవైమూడు. అందుకని గాలి అంటు పట్టుకున్నాడు. పెద్ద చెట్టు కొమ్మ మీద రెండు వేళ్ల వెడల్పున బెరడు ఒలిచి, తడి కొబ్బరిపొట్టు పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి కడితే మూడు నెలల్లో అక్కడ వేర్లు వస్తాయి. ఆ వేర్ల కింద కోసి తొట్టిలో పెడితే లావుపాటి ముసలి చెట్టు ఒక్కరోజులో చేతికొచ్చినట్టే.

పాత రైల్వే క్వార్టర్ల దగ్గర సీసాలు కడిగే బ్రష్షుల్లా ఎర్రపూలు పూసే చెట్టొకటి ఉంది. అదీ ఆస్ట్రేలియాదే. దానిలో ఒక వంకర కొమ్మ మీద నాలుగేళ్లుగా ఆయన కన్ను. ఎలాగైనా వచ్చే జనవరికి అది బెంగళూరులో నిలబడాలి. ఆయన బతుకులో అప్పటికి ఉన్న కోరిక అదొక్కటే.

జూలైలో అంటు కట్టాడు. ఒలిచిన చోట పుండుకు పూసినట్టు పసుపు పూశాడు. ఎండ తగలకుండా కవరు మీద పసుపు గుడ్డ చుట్టి, ఎర్రదారంతో మూడు ముడులు వేశాడు. మా సీమలో చెట్టుకు పసుపు గుడ్డ కట్టి ముడి వేస్తే దాన్ని ఏమంటారో మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. బెరడు గురించి అంత తెలిసిన మనిషికి అది మాత్రం తట్టలేదు. పైగా ట్యాంకరు వచ్చేది మంగళ, శుక్రవారాలు కాబట్టి ఆ రోజుల్లోనే పోయి, సిరంజితో మూటలోకి నీళ్లెక్కించి, వేళ్లతో నొక్కి చూసి కళ్లు మూసుకునేవాడు, దారినపోయేవాళ్లకు మొక్కుతున్నట్టే ఉండేది.

అంటు కట్టిన వారంలోనే నాలుగు చినుకులు పడ్డాయి. వేరుశనగ ఎండిపోతున్న ఏడాది, నాలుగు చినుకులంటే చిన్న సంగతి కాదు. పదిరోజుల్లో చెట్టుకు నలభై ముడుపులయ్యాయి. ఎర్రపూలమ్మ అని పేరొచ్చింది. ఎదురుగా టీ బంకు నడిపే శ్రీరంగప్ప టెంకాయల బుట్ట దించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నియమాలు చెప్పడం మొదలుపెట్టాడు. మా ఇంటావిడ కూడా ఒకటి కట్టి వచ్చింది. ఎందుకో నాకు చెప్పలేదు.

అక్టోబరులో వేర్లు కవరును తాకాయి. ఇంకో వారం ఆగితే కుళ్లిపోతాయని హనుమంతరాయుడు రంపం తీసుకుని బయల్దేరాడు. తోడుగా నేను వెళ్లాను. శ్రీరంగప్ప అడ్డం వచ్చాడు.

"ఏమన్నా, అమ్మ మీదికి రంపం తెచ్చినావు?"

"అది నా అంటు కదప్పా. నేనే కట్టినా."

"మొదట కట్టింది నువ్వేనని అందరికీ తెలుసు. కోరిక తీరిందా? తీరింటే ఏం కోరికో నలుగురి ముందర చెప్పి, టెంకాయ కొట్టి విప్పుకోవాల."

మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పు, గొడవ పోతుంది అని నేను చెవిలో అన్నాను. విన్నాడు కాదు. గార్డు బుద్ధి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

"వేర్లు రావాలని కోరుకున్నా. వచ్చినాయి" అని గుడ్డ విప్పి, కొమ్మ కోసి, అందరికీ చూపించాడు.

కవరు నిండా తెల్లటి వేర్లు. ఎవరూ నవ్వలేదు. గుమ్మఘట్ట నుంచి వచ్చిన ఒక ముసలామె చేతులెత్తి మొక్కింది.

"మన్ను లేకుండా గాలిలో వేర్లు" అంది.

"మన్ను కాకున్నా కొబ్బరిపొట్టు ఉండాది కదమ్మా" అని ఆయన అంటూనే ఉన్నాడు. కొమ్మ ఆయన చేతిలోంచి నాలుగు చేతులు మారిపోయింది.

"అమ్మ బిడ్డను కనింది. ఈడనే నాటాల" అన్నాడు శ్రీరంగప్ప. గడ్డపార వచ్చింది.

"తొట్టిలో పెట్టాలప్పా. బెంగళూరుకు పోవాల. నాలుగేండ్ల నుంచి చూసుకుంటాండా" అని బతిమాలాడు.

"అమ్మను తొట్టిలో పెట్టి పొట్టి చేస్తావా?" అంది ముసలామె.

మోకాటి లోతు గుంత తీసి, కవరు కూడా తియ్యకుండా దింపేసి మట్టి తోస్తున్నారు. ఆయన కాసేపు చూశాడు. తర్వాత "ఆగండప్పా" అని జనాన్ని నెట్టుకుంటూ పోయి కూలబడ్డాడు. కొమ్మ పైకి తీసి, కవరు కోసి, గుంత సగం పూడ్చి, వేర్లు నలగకుండా నిలబెట్టాడు. కర్ర పాతి కట్టాడు. సగం ఆకులు తుంచి, తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లన్నీ పోశాడు. పోస్తూ ఏడ్చాడు. నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

"వాళ్ల మానాన వదిలేసింటే వారంలో ఎండిపోయేది. జనం మర్చిపోయేవాళ్లు. వచ్చే ఏడు ఇంకో అంటు కట్టుకునేవాడివి" అన్నాను దారిలో.

"సచ్చిపోతాంటే చూస్తా ఎట్లుండేదప్పా?" అన్నాడు.

జనవరిలో ఆయన బెంగళూరు పోలేదు. అంటు మాత్రం బతికింది. ఇప్పుడది ఆయన తలకంటే మూరెడు ఎత్తుంది, కత్తెర పట్టుకుని దాని దగ్గరికి ఆయన్ని పోనివ్వరు.