చుక్కలు చెరిపేసిన మూల

మొన్న ఆదివారం జనక్‌పురిలో ఉండే మనవరాలు మెహ్రౌలీ వైపు ఓ సుల్తానుల కాలపు మహలు చూసివచ్చి, ఫోనులో ఫొటోలు చూపించింది. కమానులు, గొడుగుల్లాంటి ఛత్రీలు, గోడ పైన నీలం పలకల నక్షత్రాల పట్టీ అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ పట్టీ మలుపు తిరిగే మూల కనబడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మూల సుల్తానులది కాదు, మా అమ్మది.

సర్కారీ కొలువుల కోసం ఢిల్లీ చేరిన నా ఈడువాళ్లకు తెలుసు, కొత్తలో ఒక్క తెలుగు మాట వినబడితే ప్రాణం ఎలా లేచివచ్చేదో. పాత కట్టడాల మరమ్మతు ఆఫీసులో నక్షాలు గీసే పనిలో చేరిన నాకు, మా పెద్ద ఇంజనీరు గోదావరి మనిషే కావడంతో, ఆయన్ని నోరారా బాబాయిగారూ అని పిలిచేదాన్ని. గోంగూర పచ్చడి పెట్టినప్పుడల్లా ఓ సీసా వాళ్లింటికి వెళ్లేది. ఆ మహలు గోడకు నిచ్చెన వేసుకుని నెలల తరబడి ఒక్కొక్క పలకనూ కొలిచి గీశాను. మూల దగ్గర మాత్రం పలకలన్నీ రాలిపోయి ఉత్త సున్నమే మిగిలింది. కళ్లకు కనబడేదాన్ని నిండు గీతతో, ఊహించినదాన్ని చుక్కల గీతతో గీయడం మా పద్ధతి కనుక, మా అమ్మ గడప మూలన మెలికల ముగ్గు తిప్పినట్టే నక్షత్రాన్ని తిప్పి, చుక్కల గీతతో గీసి, పక్కన ఊహ అని కూడా రాసి ఇచ్చాను. ఆయన భేష్ అమ్మాయ్ అంటే ఆ పూట ఆకలి కూడా వేయలేదు.

పై అధికారులు వచ్చిన రోజున బల్ల మీద పరిచిన నక్షాలో చుక్కల్లేవు, అన్నీ నిండు గీతలే. ఊహ అన్న మాటా లేదు, నా పేరూ లేదు. సున్నం కింద అసలు పలకల అచ్చులు తానే కనిపెట్టానని బాబాయిగారు చెబుతుంటే అందరూ అచ్ఛా, అచ్ఛా అని తలలూపారు. అక్కడ అచ్చులేవీ లేవండీ అని వాళ్ల ముందే అనేశాను. ఆయన నవ్వి, కొత్త పిల్ల, దీనికేం తెలుసు అని హిందీలో సర్దేశారు. ఆ నక్షా ప్రకారమే మూలకు కొత్త పలకలు అతికించారు. నెల తిరక్కుండా నన్ను మహలు పని నుంచి తప్పించి మురుగు కాలవల నక్షాల దగ్గర కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. పరాయివాడు చేస్తే ఇంత బాధ ఉండేది కాదు. బాబాయీ అని పిలిపించుకుని చేశాడు.

ఇదంతా విని మనవరాలు, "లేకిన్ నానీ, బోర్డ్ పే తో ఒరిజినల్ లిఖా హై" అంది. అక్కడి బోర్డు మీద ఆ మూల అసలుదేనని రాసి ఉందట.

తెలియనిదాన్ని తెలియదని కాగితం మీదే ఒప్పుకునే రోజులు మావి. ఇప్పుడు బోర్డు మీద రాసిందే నిజం. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. అయినా ఇంకా అతని మాటే చెల్లుతోంది, నా ఇంట్లో కూడా.