వియ్యంకుడు కూర్చున్న బెంచీ

మా అన్నయ్యకు కళ్లజోళ్ల షాపు ఉంది. ఏళ్ల తరబడి అద్దాలు తుడిచిన చెయ్యి కావడంతో, జేబులో మెత్తటి గుడ్డ లేకపోతే ఆయనకు ఏదో మరిచిపోయి వచ్చినట్టుంటుంది. ఎదుటి మనిషి కళ్లజోడు మీద వేలిముద్ర కనిపిస్తే చాలు, "ఒక్కసారి ఇలా ఇస్తారా" అని అడిగి, తుడిచి ఇచ్చేదాకా మాట ముందుకు సాగదు. నోట్లో నాలుక లేని మనిషి. కుర్చీ కాలికి తగిలితే కుర్చీకే సారీ చెబుతాడు. నాకేమో ముక్కు మీద కోపం. ఒక్క కడుపున ఇద్దరం ఇలా ఎలా పుట్టామో మా అమ్మకే తెలియాలి.

షాపులో వంగి వంగి మెడ పట్టేస్తే, డాక్టరు మాట మీద జిమ్‌లో చేరాడు. తోడుగా నన్నూ లాక్కెళ్లాడు. మందుల షాపు మేడ మీద ఒక పొడుగాటి హాలు, గోడంతా అద్దం, రబ్బరు చాపల వాసన. అన్నయ్యకు ఆ చోటు తెగ నచ్చేసింది. అక్కడా తుడిచే పని ఉంది మరి! బెంచీ మీద తువ్వాలు పరుచుకోవాలి. లేచాక చెమట తుడవాలి. ఎత్తిన బరువుల్ని ఎక్కడివక్కడ పెట్టాలి. ఎవరైనా బరువెత్తుతుంటే పలకరించకూడదు. ఇవన్నీ ఆయనకు ఒకరు నేర్పక్కర్లేకపోయింది. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. "మీరు కానివ్వండి", "అబ్బే, ముందు మీరు" అంటూ మరో మొహమాటస్తుడితో తగులుకున్నాడంటే ఆ మిషను మీదికి ఇద్దరూ ఎక్కరు, మూడోవాణ్ని ఎక్కనివ్వరు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా మా వియ్యంకుడు చేరాడు. అంటే అన్నయ్య కూతురి మామగారు. కలప అడితి ఆయనది. మనిషీ దుంగే, గొంతూ దుంగే. ఆయనకు షుగరు ఎక్కువైందని, నడవమంటే నడవడం లేదని, మా పిల్లే పట్టుబట్టి జిమ్‌లో చేర్పించింది. "నాన్నా, మామయ్యగారు మానకుండా చూసుకో. అక్కడ నువ్వున్నావనే నా ధైర్యం" అని తండ్రికి అప్పగించింది. పెళ్లయి ఇంకా ఆరు నెలలు కాలేదు. కూతురు మొదటిసారి అడిగిన కోరిక. అన్నయ్య దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

వియ్యంకుడు మానలేదు సరికదా, రోజూ అందరికంటే ముందే వచ్చేవాడు. వచ్చి చేసిన నిర్వాకం ఇదీ. బెంచీ మీద తడి మరక వదిలి లేచిపోవడం. డంబెళ్లను అడితిలో దుంగలు దించినట్టు దబ్బున నేలకేయడం. మిషను మీద కూర్చుని ఫోనులో టేకు బేరం ఆడడం. ఎవడైనా ఊపిరి బిగబట్టి బరువెత్తుతుంటే దగ్గరికెళ్లి, "పిల్లలెంతమంది బాబూ?" అనడం. ఆయన లేచిన ప్రతిచోటికీ మా అన్నయ్య గుడ్డ పట్టుకుని వెళ్లి తుడిచేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు సిగ్గు లేదా? మొహం మీద చెప్పెయ్. లేదా నన్ను చెప్పనీ" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఆయన జన్మలో అన్న పెద్ద మాట అదే. "ఆయన మనసు నొచ్చుకుంటే ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వా, నేనా? నా కూతురు."

ఇంతలో కోచ్ అన్నయ్యను పక్కకు పిలిచాడు. "మీ వియ్యంకుల వల్ల మనుషులు మానేస్తున్నారు సార్. మీరైనా చెప్పండి. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే రావద్దని నేనే చెప్పేస్తా." నలుగురిలో పొమ్మనిపించుకుంటే ఆ పెద్దమనిషి మళ్లీ వ్యాయామం మొహం చూస్తాడా? చెబితే కోపం, చెప్పకపోతే షుగరు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అన్నయ్య ముందు ఒక ఖరీదైన తువ్వాలు కొని బహుమతిగా ఇచ్చాడు. ఆయన మురిసిపోయి, "ఇంత మంచిదాన్ని చెమటకు వాడతామా బావగారూ!" అని బీరువాలో దాచుకున్నాడు.

మర్నాడు జిమ్‌లో నేను సైకిలు తొక్కుతూ చూస్తున్నాను. వియ్యంకుడు రోజూ కూర్చునే బెంచీ మీద మా అన్నయ్య ముందుగా పడుకుని నాలుగుసార్లు బరువులెత్తాడు. లేచాడు. చుట్టూ చూసి, తన నీళ్ల సీసా మూత తీసి, బెంచీ నిండా వంచాడు. తుడవలేదు. బరువుల్ని కూడా కిందే వదిలేసి, కుక్కిన పేనులా పక్కన నిలబడ్డాడు. నాకు మతిపోయింది.

వియ్యంకుడు వచ్చి ధబాల్న కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు.

"ఏంటిది బావగారూ! చెమట తుడుచుకోవాలని తెలీదూ? వెనకాల మనిషి కూర్చోవద్దా? ఆ బరువులు ఎవరు తీస్తారు, మీ పనివాళ్లా?"

హాలంతా ఆగిపోయింది. అన్నయ్య తల వంచుకుని, "తప్పయిపోయింది బావగారూ" అన్నాడు. ఆయన ఇంకా పెద్ద గొంతుతో జిమ్ మర్యాదలన్నీ ఏకరువు పెట్టాడు. ఆయనకు అవన్నీ తెలుసని మాకు అప్పుడే తెలిసింది! పెళ్లిలో మా వాళ్ల మీద పెట్టడానికి ఒక్క వంకా దొరకని మనిషి, ఆ బాకీ కూడా తీర్చుకున్నాడనుకున్నాను. అన్నయ్యను చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం లోపల్లోపల నవ్వుకుంటున్నాడు.

నలుగురిలో అంత ఉపన్యాసం ఇచ్చాక తప్పు చేయడం ఎలా? మర్నాటి నుంచి వియ్యంకుడు బీరువాలోని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. కూర్చునే ముందు తుడవడం, లేచాక తుడవడం. ఫోను సంచిలోకి పోయింది. పైపెచ్చు తుడవని వాళ్లను ఆపి మందలించడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు ఈ గోల ఎవరికి చెప్పుకోను సార్?" అన్నాడు కోచ్, నవ్వుతూనే. షుగరు కూడా దారిలోకి వస్తోందని మా పిల్ల ఫోను చేసింది.

కొన్నాళ్లకు ముగ్గురం బెంచీల మీద కూర్చుని అలుపు తీర్చుకుంటున్నాం. వియ్యంకుడు ఉన్నట్టుండి, "బావగారూ, చెమట ఎక్కడైనా అంత చల్లగా ఉంటుందా?" అన్నాడు.

అన్నయ్య తన నీళ్ల సీసాను మెల్లగా బెంచీ కిందికి జరిపాడు.

"కూర్చోగానే తెలిసింది నీళ్లని. మీరేంటి, బెంచీ తడిపి వదిలెయ్యడమేంటి! నాకోసమేనని అర్థమైంది. మీరంత కష్టపడి తిట్టించుకోవడానికి నిలబడితే, తిట్టకపోతే మర్యాదా?"

అన్నయ్య మొహం చూడాలి. ఆ మనిషిని ఇన్నాళ్లూ దుంగ అనుకున్నాను.

"ఎందుకంత భయం బావగారూ? మీ అమ్మాయి మా ఇంట్లో నాకు రోజూ చీవాట్లు పెడుతుంది. నిన్న నా చేతిలో స్వీటు లాక్కుని తనే తినేసింది. ఇల్లంతా దాని నవ్వే. కూతురు తిడితే రాని కోపం, తండ్రి ఒక మాటంటే వస్తుందా?"

అన్నయ్య కళ్లు నిండిపోయాయి. దాచుకోలేదు కూడా. తన కళ్లజోడు తీసి గుడ్డతో తుడిచి పెట్టుకున్నాడు.

వియ్యంకుడు లేచి పదిసార్లు బరువులెత్తి, డంబెళ్లను నేల మీద వదిలేసి నీళ్ల దగ్గరికి నడిచాడు. కావాలనే వదిలాడని నా అనుమానం. అన్నయ్య చెయ్యి అలవాటుగా వాటి మీదికి వెళ్లి, మధ్యలో ఆగింది.

"బావగారూ" అన్నాడు గట్టిగా. "అవి తీసి స్టాండు మీద పెట్టండి."