జున్ను మెడలో గంట

ధరమ్‌కు గుర్రమంటే భయం. ఆ లోయలో ఇది అందరికీ తెలిసిన సంగతే. బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు గుర్రం మీద వెళ్తే వచ్చే వేట క్యాంపుకు ఆయన వంటమనిషి. తొమ్మిదేళ్లుగా ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ నడిచే వెళ్తున్నాడు. వేటగాళ్లు గుర్రాల మీద ఆయన్ని దాటిపోతూ టోపీ ఎత్తి పలకరించేవారు. "పోండి పోండి, పోయి ఆకలితో కూర్చోండి. నేనొచ్చాకే కదా పొయ్యి వెలిగేది" అనేవాడు ధరమ్. అలాంటి మనిషి కిందటేడు అక్టోబరులో పదకొండు గుర్రాలను వెంటబెట్టుకుని కొండ దిగాడు. దాన్ని గురించి చెప్పాలంటే ముందు నికిత గురించి చెప్పాలి.

ధరమ్ ఫిజీలో, లబాసా దగ్గర చెరుకు తోటల మధ్య పుట్టిన తెలుగువాడు. కెనడా వచ్చి ఇరవై రెండేళ్లు రంపపు మిల్లులో పనిచేశాడు. అదే మిల్లులో పక్క మెషీన్ మీద ఉండేవాడు సుమీత్. అతనూ ఫిజీ తెలుగువాడే, అన్నా అన్నా అంటూ ధరమ్ వెనకే తిరిగేవాడు. మిల్లు మూతపడ్డాక సుమీత్ ట్రక్కు ఎక్కాడు, ధరమ్ గరిటె పట్టాడు. సుమీత్ కూతురు నికితను చదువు కోసం వాంకూవర్ పంపితే ఒక్క ఏడాది ఉండి తిరిగొచ్చేసింది. "నాన్నా, అక్కడ నాకు ఊపిరాడట్లేదు" అంది. గుర్రాల వెంట పడింది. ఇరవై ఆరేళ్లకు ఆ లోయలో ఆమెను మించిన గైడ్ లేదని పొరుగు క్యాంపుల వాళ్లు కూడా ఒప్పుకున్నారు. అరచేతులు దొన్నెలా పట్టి మూస్ అనే పెద్ద దుప్పి గొంతు పలికిస్తే, ఎదుటి కొండ మీది పోతు మూస్ బదులు పలికేది.

ఆ అమ్మాయి ప్రాణమంతా జున్ను మీద. జున్ను అంటే జున్ను రంగులో ఉండే ముసలి ఆడగుర్రం, పేరు పెట్టింది ధరమే. బరువులు మోసే మిగతా పది గుర్రాలూ అది ఎటు వెళ్తే అటే. అందుకే దాని మెడలో ఇత్తడి గంట ఉండేది. మేతకు వదిలితే అవి అడవిలో ఎంత దూరం పోయినా, పొద్దున్నే గంట చప్పుడును బట్టి వెతికి తెచ్చుకుంటారు. మాంసం మోసే ప్రయాణాల్లో మాత్రం గంట మోగితే వేట జంతువులు బెదురుతాయని దాని లోపలి నాలుక కదలకుండా గుడ్డ కుక్కేస్తారు. మళ్లీ మేతకు వదిలేముందు ఆ గుడ్డ తీసేయాలి. ఈ తీయడం పెట్టడం నికిత పని. ఆ గుడ్డ కోసం ప్రతిసారీ ధరమ్ వంటింటి మీద పడడం నికిత అలవాటు.

ప్రతి పొద్దునా ధరమ్ పెనం మీద అట్లకాడతో మూడుసార్లు కొట్టేవాడు. రొట్టెలు అయ్యాయి, తినడానికి రండి అని దానర్థం. మనుషుల కంటే ముందు జున్ను వచ్చి నిలబడేది. మాడిన రొట్టె దాని వాటా. ధరమ్ దాన్ని పది అడుగుల దూరం నుంచి విసిరేవాడు.

"పెదనాన్నా, చేతికిస్తే కొరకదు" అనేది నికిత.

"నాకున్నవి పదే వేళ్లు తల్లీ. అన్నీ పిండి కలపడానికి కావాలి."

సెప్టెంబరు చివరి సోమవారం పొద్దున కూడా ఇలాగే ఏదో గొడవ. "నా పసుపు గుడ్డ ఏదే? వేడి గిన్నె దించాలి నేను" అని ధరమ్ అరిచాడు. ముందురోజు సాయంత్రమే మాంసం మోసుకొచ్చిన గుర్రాలు ఇంకా కంచెలోనే ఉన్నాయి. నికిత అప్పటికే వేరే గుర్రం ఎక్కి ఉంది, వెనక ఒక వేటగాడు. "సాయంత్రం తెచ్చిస్తాగా, ఎందుకలా మీద పడతావు" అని నవ్వి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆమె రాలేదు, కబురు వచ్చింది. ఏరు దాటేటప్పుడు వేటగాడి గుర్రం కాలు జారింది. నికిత నీళ్లలోకి దూకి అతన్ని ఒడ్డుకు తోసింది. అతను బతికాడు. ఆమెను ప్రవాహం లాక్కెళ్లింది. రేడియోలో ఆ మాట వినగానే క్యాంపులో ఉన్నవాళ్లంతా ఏటి వైపు పరుగెత్తారు. ధరమ్ ఒక్కడే మిగిలాడు. కంచెలో పదకొండు గుర్రాలు ఆకలికి కాళ్లతో నేల తన్నుతున్నాయి. పిల్ల పోయింది, దాని గుర్రాలైనా పస్తుండకూడదు అనుకున్నాడు. భయంతో పొడవాటి కర్ర పట్టుకుని, కర్రతోనే గడియ తీశాడు. జున్ను ముందు, మిగతావి వెనక, అడవిలోకి వెళ్లిపోయాయి. ఆయన అటు తిరిగి ఏడ్చాడు.

మర్నాడు ఏటి దిగువన నికిత శవం దొరికింది. ఆ వారం లోయ మొత్తం వేట ఆపేసింది. సీజన్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోని నాలుగు క్యాంపుల గైడ్లూ ఊరికి దిగి, కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేశారు. శనివారం వీడ్కోలు. అక్కడి ఆచారం ఒకటుంది. గైడ్ పోతే వాళ్ల గుర్రానికి జీను కట్టి, బూట్లు వెనక్కి తిప్పి తగిలించి, ఖాళీ జీనుతో హాలు దాకా నడిపిస్తారు. సుమీత్ కోరింది ఆ ఒక్కటే. "నా బిడ్డ వెనక జున్ను నడవాలి."

జున్ను ఎక్కడ? క్యాంపు యజమాని గెయిల్, ఇద్దరు గైడ్లు రెండు రోజులు వెతికారు. చెవులు రిక్కించి కూర్చున్నారు. గంట చప్పుడు లేదు. శుక్రవారం మంచు పడుతుందన్నారు. ఒకసారి కనుమ మూసుకుపోతే ఆ గుర్రాలు తోడేళ్ల పాలే.

గురువారం పొద్దున క్యాంపు వంటింట్లో ధరమ్ వేడి గిన్నె దించబోయి గుడ్డ కోసం చెయ్యి చాపాడు. గుడ్డ లేదు. చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. అప్పుడు తెలిసింది ఆయనకు, ఆ గుడ్డ ఎక్కడుందో.

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ అడగరు. గంట తెగిపడిందనుకుంటారు. ధరమ్ ఒక నిమిషం అలా అనుకున్న మాట నిజమే. తర్వాత గెయిల్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"గంటలో గుడ్డ తీయకుండా వదిలింది నేనే. నా వల్లే మీకు వినబడట్లేదు. వాటిని నేనే తెస్తాను."

గెయిల్ ఆయన వైపు తిరిగింది. "నువ్వా? గుర్రాలనా?" అంది. ఆమె మాటలో కోపం లేదు. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వబోయి ఏడ్చేసింది.

ధరమ్ పిండి కలిపాడు. పద్దెనిమిది రొట్టెలు కావాలనే మాడ్చాడు. తొమ్మిదేళ్లలో రొట్టె మాడితే తిట్టుకున్న మనిషి, ఆ రోజు మాడలేదని రెండింటిని మళ్లీ పెనం మీద వేశాడు. మాడినవన్నీ సంచిలో వేసుకుని, ఇనప పెనం భుజాన తగిలించుకుని కొండెక్కాడు. గైడ్లు గుర్రమిస్తామన్నారు. "ఆ ముక్క మాత్రం అనకండి" అన్నాడు.

మొదటి గుట్ట మీద మూడు దెబ్బలు కొట్టాడు. బదులు లేదు. రెండో గుట్ట. లేదు. మోకాళ్లు పట్టేశాయి. మూడో గుట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. పెనం మీద ఠంగ్ ఠంగ్ ఠంగ్ మని కొట్టి, గొంతు చించుకుని అరిచాడు. "జున్నూ! రొట్టె అయిందే! రావే తల్లీ!"

కింద పొదలు కదిలాయి. గంట మోగలేదు. చప్పుడు లేకుండా పొదల్లోంచి జున్ను రంగు తల ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఒకటి, ఇంకొకటి. ధరమ్ లెక్కపెట్టుకున్నాడు. పదకొండూ ఉన్నాయి.

జున్ను తిన్నగా వచ్చి అలవాటు ప్రకారం పది అడుగుల అవతల ఆగింది. రొట్టె విసురుతాడని చూస్తోంది. ధరమ్ విసరలేదు. ఒక్కో అడుగే వేసి, అరచేతిలో రొట్టె పెట్టి చాపాడు. మెత్తని మూతి చేతిని తాకింది. వేళ్లన్నీ ఉన్నాయి. "నువ్వు చెప్పింది నిజమేనే నికితా" అన్నాడు పైకే. రెండో చేత్తో గంట పట్టుకుని, లోపలి గుడ్డ లాగాడు. పసుపు రంగు, అంచున నూనె మరక. ఆయనదే.

జున్ను తల విదిల్చింది. గంట ఖంగుమంది. కింద క్యాంపులో గెయిల్ ఆ చప్పుడు విని బయటికి పరుగెత్తి, టోపీ గాల్లోకి విసిరిందట.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరారు. ధరమ్ ముందు నడిచాడు, చేతిలో జున్ను పగ్గం. తక్కిన పదింటినీ ఎవరూ కట్టలేదు, అవే వచ్చాయి. వెనక కనుమ మీద మంచు మొదలైంది, కానీ వాళ్లను అందుకోలేకపోయింది. రోడ్డు చివర రాత్రికి ఆగి, శనివారం ఊళ్లోకి నడిచారు. ట్రక్కుల్లో ఎక్కించుకుంటామంటే వద్దన్నాడు ధరమ్. గంట చప్పుడు వినగానే జనం ఇళ్లలోంచి, కొట్లలోంచి బయటికొచ్చారు. పెట్రోలు బంకులో కుర్రాళ్లు టోపీలు తీశారు. నలుగురు గైడ్లు జీను కట్టి, నికిత బూట్లు వెనక్కి తిప్పి తగిలించారు. ధరమ్ నిటారుగా నడిచాడు. అరవై మూడేళ్ల మనిషి అంత నిటారుగా నడవడం ఊరు ఎప్పుడూ చూడలేదు.

హాలు మెట్ల మీద సుమీత్ ఉన్నాడు. "గుడ్డ తీయనిది నేనే తమ్ముడూ" అన్నాడు ధరమ్, పగ్గం వదలకుండానే.

"తెచ్చింది కూడా నువ్వే కదన్నా" అని సుమీత్ ఆయన్ని కావలించుకున్నాడు.

ప్రార్థన మొదలవుతుంటే ఎవరో వచ్చి, లోపల మాట్లాడేవాళ్లకు అడ్డమవుతుంది, గంటలో ఏదైనా కుక్కమన్నారు. ధరమ్ జేబులో పసుపు గుడ్డ ఉంది. "వీల్లేదు. ఇక దాని గంటలో ఎవరూ ఏమీ పెట్టరు" అన్నాడు.

గెయిల్ నికిత గురించి చదువుతుండగా బయట జున్ను తల విదిల్చింది. గంట గట్టిగా మోగింది. గెయిల్ కాగితం మీంచి తలెత్తింది. మూడొందల మంది ఒక్కసారిగా నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. సుమీత్ కూడా నవ్వాడు. ధరమ్ జేబులోంచి ఆ గుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు. దానికి ఇంకా గుర్రం వాసన వస్తోంది. ఆయనకు భయమేయలేదు.