న్యూట్రల్‌లో దిగిన కొండ

మా నాన్న కొట్లో పొట్లానికి కట్టిన పురికొస ముక్కను కూడా పారేసేవాళ్ళం కాదు. ముడి విప్పి, చేతికి చుట్టి, మేకుకు తగిలించేవాళ్ళం. అలాంటి ఇంట్లో పుట్టినవాడు పాత పికప్ బండి కొని ఏజెన్సీ కొండల్లో వ్యాపారం మొదలుపెడితే డీజిలు చుక్క కూడా వృథా పోదని బంధువులంతా నమ్మారు. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ణి నేనే.

పాడేరులో అద్దె గది నాది. పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు, సబ్బులు వేసుకుని హుకుంపేట మీదుగా కొండ ఊళ్ళకు ఎక్కుతాను. సంత రోజైతే అల్లం, పసుపు గంపలతో పాటు ఆడవాళ్ళనూ ఎక్కించుకుని కింద సంతకు దిగుతాను. సరుకు మీద మిగిలేదంతా ఆ ఎక్కుడు దగ్గరే ఆవిరైపోయేది. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు. పన్నెండన్నా రాకపోతే బండి అమ్మేసి, కింద మైదానంలో మా అన్నయ్య కొట్లో గల్లా పక్కన స్టూలు మీద కూర్చోవడమే. అన్నయ్య ఫోనులో రోజూ అదే పాట.

"నువ్వు ఇంటికి సంపాదిస్తన్నావా, బంకోడికి సంపాదిస్తన్నావా? నెలాఖరుదాకా సూత్తాను. ఆ పైన బండి నేనే బేరం పెట్టేత్తాను."

నలభై దాటినవాడు తమ్ముడి హోదాలో ఆ స్టూలెక్కడం ఎలా ఉంటుందో ఊహించినప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు.

అందుకని బండితో బేరానికి దిగాను. ముందు పైనున్న ఇనప క్యారియర్ విప్పించాను. టైర్లకు గాలి దండిగా కొట్టించాను. మొదటి గతుకులోనే నా నడుం ఆ లెక్క తేల్చింది. ఎయిర్ ఫిల్టరు తీసి, దుప్పటి దులిపినట్టు దులిపాను. స్టెప్నీ కూడా బరువేనని గదిలో వదిలేసి వెళ్ళిన రోజే పంక్చరయింది. ఇవన్నీ అయ్యాక బండ్లు బాగుచేసే మేస్త్రీకి టీ ఇప్పించి, మైలేజీ ఎలా పెరుగుతుందని అడిగాను.

"ఎక్కినప్పుడు తొందరపడి తొక్కీకు. దిగినప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలేటరు మీంచి కాలు తియ్యి. అప్పుడు ఇంజిన్‌లోకి పంపు డీజిలు కొట్టదు" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

ఒక్క టీకి వచ్చిన సలహా. ఊరికే వచ్చే సరుకులో పుచ్చు ఉంటుందని మా ఇంట్లో ఉగ్గుతో పాటు పోశారు. పైగా, ఇంజిన్ తిరుగుతుంటే డీజిలు ఖర్చు కాకుండా ఎలా ఉంటుందని నా తెలివి. మేస్త్రీ నన్ను బోల్తా కొట్టిస్తున్నాడనుకుని, అతని కంటే ఒక మెట్టు పైకెళ్ళాను. కొండ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి, ఏకంగా ఇంజినే ఆపేయడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండా మైలేజీ పదిన్నరకు వచ్చింది. కొండే నన్ను ఉచితంగా మోస్తోందని మురిసిపోయాను.

ఆ సంత రోజున వెనక ఏడుగురు ఆడవాళ్ళు, వాళ్ళ గంపలు. ఎప్పటిలాగే దిగుడు మొదట్లోనే తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాను. రెండు మలుపులు బాగానే తిరిగాయి. మూడోదాని ముందు బ్రేకు తొక్కితే, పాదం కింద పెడల్ రాయిలా బిగిసిపోయింది. స్టీరింగు కూడా మొరాయించింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. రెండు కాళ్ళూ పెడల్ మీద వేసి నిలబడ్డాను. బండి ఆగలేదు. ఏడుగురు, ఏడుగురు అని తప్ప నా బుర్రలో ఇంకో మాట లేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి స్టీరింగు కొండవైపు లాగాను. ముందు చక్రం కాలవలో పడింది, తలుపు రాళ్ళను గీరుకుంటూ పోయింది, బండి ఆగింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అల్లం రోడ్డు మీద పరుచుకుంది. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ దిగి, ఒక్కో కొమ్మూ ఏరుకుంటూనే అడిగింది.

"ఏటి సావుకారూ, బండి గొంతెందుకు ఆగిపోనాది?"

"డీజిలు కలిసొస్తాదని ఆపేశానమ్మా."

ఆవిడ ఏరిన అల్లాన్ని గంపలో వేసింది. "గంప నెత్తినెట్టి కొండ దిగినప్పుడు మోకాళ్ళు బిగబట్టాల. మా గుంటలకి నడక నేర్పినప్పుడే సెప్తాం. నువ్వు మోకాళ్ళొదిలేసినావు."

"ఇవాళ్టికి ఛార్జీ వద్దు. వచ్చే సంతకీ వద్దు. ఎక్కండమ్మా."

"పేణాలకి బేరమేటి?" అని నవ్వింది. మిగతావాళ్ళు నవ్వలేదు. ఏడుగురూ గంపలెత్తుకుని అడ్డదారిన దిగిపోయారు. బేరంలో అంత శుభ్రంగా ఓడిపోవడం నాకదే మొదలు.

మేస్త్రీ దగ్గర ఈసారి టీ కూడా ఇప్పించకుండా తలొంచుకున్నాను. ఇంజిన్ ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ బలం ఇచ్చేది ఉండదని, రెండు తొక్కుళ్ళకే బ్రేకులో ఉన్నదంతా అయిపోతుందని చెప్పాడు. "పదిన్నర వచ్చిందన్నావు కదా, ఏదీ సూపించు" అంటూ పొడిచాడు కూడా.

ఆనాటి నుంచి రెండో గేరులో, కాలు తీసి దిగడం నేర్చుకున్నాను. ఎక్కేటప్పుడు తొందర మానేశాను. తర్వాతి సంతకు మైలేజీ పన్నెండు దాటింది. చూసి ఏడవాలనిపించింది. వెనక ఒక్క మనిషీ లేదు, ఒక్క గంపా లేదు. ఖాళీ బండికి మైలేజీ రాక ఏమవుతుంది? ఊరి చివర హారన్ కొట్టి కొట్టి, పిలిచి పిలిచి, ఒక్కణ్ణే దిగాను. పై సంతకూ అంతే. నెలాఖరుకు ఒక్క సంతే మిగిలింది.

ఆ రోజు హారన్ కొట్టే ధైర్యం కూడా లేక బండి పక్కన నిలబడ్డాను. పెద్దావిడ వచ్చింది. అల్లం గంప వెనక పెట్టి, తను మాత్రం ఎక్కలేదు.

"నానడ్డదారిన దిగతాను. దిగినంతసేపూ నీ బండి గొంతు ఇనబడాల. ఆగిందో, కిందికొచ్చి నీ బాబుకి సెప్తాను."

"మా నాన్న పోయి పదేళ్ళయింది."

"అయితే మరీ మంచిది. పైనుంచి సూత్తన్నాడు."

రెండో గేరులో దిగాను. ఇంజిన్ మూలుగుతుంటే, ఆ మూలుగు చెట్ల అవతలిదాకా వెళ్తోందో లేదోనని అద్దం పూర్తిగా దించి, ప్రతి మలుపు దగ్గరా అనవసరంగా హారన్ కూడా కొట్టాను. కింద కల్వర్టు మీద ఆవిడ నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

"ఇనబడిందా?"

"సెవులు సిల్లులు పడిపోనాయి."

"మరి వచ్చే సంతకి మీవాళ్ళని తీసుకొస్తావా?"

"సూద్దాం" అని, గంప నెత్తికెత్తుకుని సంతలోకి వెళ్ళిపోయింది.

'చూద్దాం' అన్న గిరాకీ మళ్ళీ గుమ్మం ఎక్కదని కొట్లో పెరిగినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం బండి తిప్పుకుంటుంటే, ఆవిడ కొత్త మట్టికుండ ఒకటి తెచ్చి నా పక్క సీటు మీద పెట్టింది. "మా ఇంటికి సేర్చు. పగిలిందో, ఊరుకోను" అని చెప్పి కొండదారి పట్టింది. నేను కుండకు తువ్వాలు చుట్టి, దాని మెడ చుట్టూ ఎడమచెయ్యి వేసి, గేరు మార్చాల్సినప్పుడు మాత్రం ఆ చెయ్యి తీస్తూ, నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టాను.